మందు బిళ్ల వెనుక మనిషి

మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కినవాళ్లు రైలు మారకుండానే ఎర్రగడ్డలో దిగవచ్చు. నగరంలో టీబీకి పేరుపడ్డ ఛాతీ ఆసుపత్రి అక్కడే ఉంది. ఈ సదుపాయం 2018లో వచ్చింది. అంతకుముందు మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి రోజూ మందుకోసం ఊరి అవతలి కొసకు వెళ్లాలంటే కూలివాడు ఆ రోజు సంపాదన వదులుకోవాల్సిందే. అందుకే క్షయ చరిత్రలో పెద్ద భవనాలకన్నా, రోగి ఉన్న వీధిలోనే ఒక మనిషికి పని నేర్పడం ముఖ్యం. ఈ శిక్షణతో తెలుగు నేలకు పాత పరిచయమే ఉంది.

మదనపల్లెలో 1912లో మిషనరీలు క్షయ శానిటోరియం పెట్టారు. దాన్ని తీర్చిదిద్దినవాడు డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రీమోట్-మోలర్. ఆరోగ్యవరంగా పేరుపడింది ఆ చోటే. అప్పటికి ఈ జబ్బుకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, అంతే. 1948లో దేశంలో బీసీజీ టీకాల పని మొదలైందీ మదనపల్లెలోనే.

1959లో మద్రాసు పరిశోధకులు ఒక సంగతి తేల్చారు. ఇంట్లో ఉండి మాత్రలు వేసుకున్నవారు కూడా శానిటోరియంలో ఉన్నవారిలాగే కోలుకుంటున్నారు. మరి ఇంటి దగ్గర రోగిని కనిపెట్టి ఉండేదెవరు? అదే ఏడు బెంగళూరులో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థ ఈ ప్రశ్నను పట్టుకుంది. డాక్టరు, ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే టెక్నీషియన్, చికిత్స మధ్యలో ఆగకుండా చూసే ఉద్యోగి కలిసి ఒక జిల్లా బృందంగా అక్కడ శిక్షణ పొందేవారు. ఆ జిల్లా పద్ధతిని 1961లో మొదట ఆచరించి చూసిన చోట్లలో అనంతపురం ఒకటి.

శిక్షణ ఎందుకంత అవసరమో కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో బెనర్జీ, ఆండర్సన్ అనే పరిశోధకులు జరిపిన అధ్యయనం చూపించింది. కళ్ళెలో క్రిములున్న పల్లె రోగుల్లో దాదాపు సగం మంది అప్పటికే ప్రభుత్వ ఆసుపత్రి గడప తొక్కారు. వారిలో చాలామందిని దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశారు. జనానికి తెలివి లేదన్న మాట అక్కడితో చెల్లకుండా పోయింది. రోగి తన వంతు తాను చేశాడు. ఎదుట కూర్చున్నవారే గుర్తుపట్టలేదు. ఈ చరిత్ర మొత్తంలో మనసును ఎక్కువగా కలచివేసే సంగతి ఇది.

కళ్ళె పరీక్ష చూడటానికి చిన్న పనే. గాజు పలకపై పలుచగా పూసి, ఎర్ర రంగు పోసి వేడిచేసి, ఆమ్లంతో కడిగి, నీలం రంగు వేస్తారు. నీలం మధ్య ఎర్రటి సన్నని కడ్డీలు కనిపిస్తే టీబీ. పూత మందంగా పడినా, రంగు సరిగ్గా పట్టకపోయినా జబ్బు కళ్లపడదు.

తర్వాతి దశాబ్దాల్లో ఆ జిల్లా పద్ధతి నీరసించింది. 1992 నాటి సమీక్షలో చికిత్స పూర్తిచేసేవారు సగం కన్నా తక్కువని తేలింది. 1995లో హైదరాబాద్ మహావీర్ ఆసుపత్రిలో డాక్టర్ కె.జె.ఆర్. మూర్తి ప్రైవేటు డాక్టర్లు తమ రోగులను అక్కడికి పంపే కొత్త దారి పట్టారు. లక్ష జనాభాతో మొదలైన ఆ పని తర్వాత 5 లక్షలకు విస్తరించింది. రోగిని వేరేచోటికి పంపితే తిరిగి రాడేమోనన్న బెరుకు ప్రైవేటు డాక్టర్లకు సహజం. అందుకే పంపిన డాక్టరుకు రోగి సమాచారం తిరిగి చేరవేశారు. దగ్గరి నర్సింగ్‌హోముల్లోనే కళ్లెదుట మాత్ర మింగించే ఏర్పాటు చేశారు. ప్రైవేటు వైద్యులను తప్పుపట్టి దూరం పెట్టకుండా కలుపుకోవడమే ఇందులో గొప్ప. 2001లో దీని అనుభవం అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది.

2012 నుంచి ప్రతి టీబీ కేసునూ ప్రైవేటు డాక్టర్లు కూడా ప్రభుత్వానికి తెలియజేయాలి. ఇక మూసారాంబాగ్ పాఠకులకు ఒక మాట: ఇంట్లో ఎవరికైనా దగ్గు రెండు వారాలు దాటితే సిరప్‌తో సరిపెట్టకండి, కళ్ళె పరీక్ష అడగండి. ప్రభుత్వ దవాఖానల్లో పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే.