పూటకూళ్ల తల్లులు

ఓరుగల్లు పూటకూటింట రూకకు కమ్మని భోజనం దొరికేదని ‘క్రీడాభిరామం’ వల్ల తెలుస్తుంది. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ మనందరికీ పరిచితురాలే. ఆమెను చూసి నవ్వేవారే గాని, దిక్కులేని వితంతువుకు ఆ పొయ్యే జీవనాధారమని తలచేవారు తక్కువ. ఒకవైపు ఉచితంగా పెట్టే సత్రాలు, మరోవైపు కాఫీ హోటళ్లు. ఆ పోటీలో ఆమెను నిలబెట్టినవి ఆదరణ, అరువు ఖాతా.

1970లలో నేను గుమాస్తాగా పనిచేసిన తాలూకా ఊళ్లో అలాంటి తల్లులు ఇద్దరుండేవారు. వారికి పరస్పరం మాటల్లేవు. అయినా ఒకరింట మైల వస్తే, తమ దగ్గర తినేవాళ్లను రెండో ఆమె ఇంటికే పంపేవారు. పదకొండో రోజు దాటగానే ఆమె మమ్మల్ని తిరిగి పంపేసేది. ఒక్కరినీ ఆపుకోలేదు. మనకు పింఛనుంది, వారికి లేదు. ఈ సంచికలో వారికొక నమస్కారం.