నమోదు కాని గళ్ళబట్ట, ఇంట కుట్టిన కిల్ట్: స్కాట్లండ్ వస్త్రచరిత్రలో ప్రామాణికత ప్రశ్న

వ్యాస సంగ్రహం

స్కాట్లండ్ పురుషుల సంప్రదాయ వస్త్రంగా ప్రసిద్ధమైన కిల్ట్‌ను చవకగా దొరికే గళ్ళబట్టతో ఇంట్లోనే కుట్టుకునేవారు నేడు ఉన్నారు. ఆ గళ్ళకు వంశనామం ఉండదు, అధికారిక రిజిస్టరులో చోటూ ఉండదు. అటువంటి వస్త్రాన్ని ‘అసలైన’ కిల్ట్ అనవచ్చునా అన్న ప్రశ్నను ఈ వ్యాసం చరిత్ర ఆధారంగా పరిశీలిస్తుంది. గళ్ళకు వంశంతో ముడి పడటం, ఆ ముడికి నమోదు తోడవటం, ఈ రెండూ వస్త్రం కంటే ఎంతో తరువాతి పరిణామాలని నిరూపించడం దీని లక్ష్యం.

కీలక పదాలు: కిల్ట్, టార్టాన్, హైలాండ్స్, వస్త్ర నిషేధ చట్టం, నమోదు, ప్రామాణికత.

1. ఉపోద్ఘాతం

పడుగులోను పేకలోను ఒకే వరుసలో రంగునూళ్ళు అమర్చి నేసినప్పుడు ఏర్పడే గళ్ళ నమూనా టార్టాన్. ఒక గడి సంపూర్ణంగా పూర్తయి తిరిగి మొదలయ్యే కొలతను ‘సెట్’ అంటారు. ఉత్తర అమెరికాలో ఇటువంటి గళ్ళను ‘ప్లాయిడ్’ అనడం వాడుక. గేలిక్ భాషలో ఆ మాటకు మూలమైన పదానికి అర్థం దుప్పటి. ఒంటికి చుట్టుకునే దుప్పటి పేరు కాలక్రమంలో దాని మీది గళ్ళకు పేరైంది. వస్త్రం ముందు, నమూనాకు పేరు తరువాత అన్న క్రమం ఈ పదచరిత్రలోనే కనిపిస్తుంది. ఈ క్రమాన్ని విస్మరించినప్పుడే, పేరు లేని గళ్ళబట్టతో కుట్టిన కిల్ట్ నకిలీ అన్న అభిప్రాయం కలుగుతుంది.

2. చుట్టుకున్న వస్త్రం, కుట్టిన వస్త్రం

హైలాండ్స్ ప్రాంతంలో కిల్ట్ తొలి రూపం ‘ఫేలగ్ మోర్’, అనగా పెద్ద చుట్టువస్త్రం. నాటి మగ్గాల పన్నా తక్కువ కావడంతో రెండు పన్నాల ఉన్నిబట్టను అంచుల వెంబడి కలిపి కుట్టేవారు. దానిని కుచ్చిళ్ళుగా పేర్చి నడుముకు పటకా బిగించేవారు. పై భాగం భుజం మీదికి వచ్చేది. పంచె వలె దీనికి కత్తిరింపు అవసరం లేదు. పగలు ఉడుపుగా, రాత్రి కప్పుకునే దుప్పటిగా అదే ఉపయోగపడేది. పై భాగాన్ని విడిచిపెట్టగా మిగిలిన ‘ఫేలగ్ బెగ్’, అనగా చిన్న చుట్టువస్త్రం, 18వ శతాబ్దంలో వ్యాప్తిలోకి వచ్చింది. ఇనుప కొలిమి యజమాని, ఆంగ్లేయుడు అయిన థామస్ రాలిన్సన్ దానిని రూపొందించాడని 1785లో ప్రచురితమైన ఒక లేఖ పేర్కొంది. ఈ కథనంపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. మూలకర్త ఎవరైనా, కుచ్చిళ్ళను శాశ్వతంగా కుట్టిన కిల్ట్ ఆ శతాబ్దపు చివరి భాగానికి గాని స్థిరపడలేదు.

ఆనాటి గళ్ళను నిర్ణయించినవి ఊరి నేతగాని అభిరుచి, చుట్టుపక్కల లభించే అద్దకపు వనరులు. 1703లో పశ్చిమ ద్వీపాలను వర్ణించిన మార్టిన్ మార్టిన్ గళ్ళు ప్రాంతాన్ని బట్టి మారేవని చెప్పాడే గాని వంశాన్ని బట్టి అనలేదు. 1746 నాటి కలోడెన్ యుద్ధాన్ని చిత్రించిన డేవిడ్ మోరియర్ చిత్రంలో హైలాండర్ల దుస్తులలో పలురకాల గళ్ళు కలగలిసి కనిపిస్తాయి. జాకొబైట్ పక్షానికి గుర్తు టోపీ మీది తెల్లని పట్టీపువ్వే గాని గళ్ళు కావు.

3. నిషేధం, దాని పర్యవసానం

జాకొబైట్ తిరుగుబాటు అణగారిన వెంటనే బ్రిటిష్ పార్లమెంటు 1746లో హైలాండ్ వస్త్రధారణను నిషేధించింది. మొదటి నేరానికి ఆరు నెలల జైలు, రెండవ నేరానికి ఏడేళ్ళ ప్రవాసం శిక్షలు. సైన్యంలో పనిచేసేవారికి మినహాయింపు లభించింది. ఈ మినహాయింపు ఫలితం గమనించదగినది. సామాన్యునికి నేరమైన వస్త్రం ప్రభుత్వ సైనికునికి యూనిఫారం అయింది. ఊరి నేతగాడు ఊరికొక తీరున నేసిన గళ్ళ స్థానంలో ఒక దళానికి ఒకే నమూనా అన్న భావన బలపడింది. 1782లో నిషేధం తొలగేనాటికి ఒక తరం గడిచిపోయింది. ఇంటి వాడుకగా తెగిపోయిన వస్త్రం చిహ్నంగా తిరిగివచ్చింది.

4. వ్యాపారి పెట్టిన పేర్లు

1815లో లండన్ హైలాండ్ సొసైటీ వంశ నాయకులను తమ తమ టార్టాన్ నమూనాలు ముద్రవేసి పంపవలసిందిగా కోరింది. తమ వంశపు గళ్ళు ఏవో తమకే తెలియవని వారిలో కొందరు ఒప్పుకున్నారు. లార్డ్ మెక్‌డొనాల్డ్ వారిలో ఒకరు. ఈ ఖాళీని పూరించినది వ్యాపారం. బానక్‌బర్న్‌లోని విల్సన్ సంస్థ 1819లో సిద్ధం చేసిన నమూనా పుస్తకంలో రెండు వందలకు పైగా గళ్ళున్నాయి. వాటిలో అనేకం సంఖ్యలతోను ఊళ్ళ పేర్లతోను నమోదైనవే. ‘మెక్‌ఫర్సన్’ పేరుతో అమ్ముడైన గళ్ళు అంతకుముందు ‘కిడ్’ పేరుతో ఉండేవని, కిడ్ అనే వ్యక్తి వెస్టిండీస్‌లోని తన బానిసల దుస్తుల కోసం వాటిని టోకుగా కొన్నాడని, దానికీ ముందు ఆ నమూనాకు ఉన్నది ఒక సంఖ్య మాత్రమేనని హ్యూ ట్రెవర్ రోపర్ 1983లో వెలువడిన వ్యాసంలో చూపాడు. వంశగౌరవానికి గుర్తుగా మారిన గళ్ళు అంతకు ముందు బానిసలకు కొన్న టోకు సరుకు అన్నమాట.

1822 ఆగస్టులో నాలుగవ జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు, వాల్టర్ స్కాట్ ఏర్పాటు చేసిన ఉత్సవం ఈ గిరాకీని తారస్థాయికి చేర్చింది. ఆయుధాలు, ఆభరణాలతో కూడిన రాజుగారి హైలాండ్ వేషానికి అయిన ఖర్చు 1,354 పౌండ్లు. కొండ ప్రాంతపు పశువుల కాపరి దుప్పటి రాజసభలో ప్రవేశించేసరికి దాని వెల అంతగా మారింది. 1842లో సోబీస్కీ స్టూవర్ట్ సోదరులు ‘వెస్టియారియమ్ స్కోటికమ్’ అనే గ్రంథంలో 75 టార్టాన్లను ప్రాచీన వ్రాతప్రతి ఆధారంగా ప్రకటించారు. ఆ ప్రతి కల్పితమని తరువాత తేలింది. అయినా అందులోని గళ్ళలో కొన్ని నేటికీ వంశ చిహ్నాలుగా చెలామణి అవుతున్నాయి.

5. నమోదు: హక్కా, దాఖలా?

స్కాటిష్ పార్లమెంటు 2008లో టార్టాన్ల రిజిస్టరు చట్టం చేసింది. రిజిస్టరు 2009 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. రెండు లేదా అంతకంటే ఎక్కువ రంగుల చారలు అడ్డంగా నిలువుగా కలిసి పునరావృతమయ్యే గళ్ళను ఏర్పరచి, నేతకు వీలైన నమూనా టార్టాన్ అని ఆ చట్టం నిర్వచిస్తుంది. ఈ నిర్వచనంలో వంశం ప్రసక్తి లేదు. నమోదు తప్పనిసరి కాదు, నమోదు కాని గళ్ళు ధరించడం నేరమూ కాదు. బాల్మోరల్ వంటి కొన్ని టార్టాన్లను రాజకుటుంబానికి ప్రత్యేకించడం మర్యాదకు సంబంధించిన విషయం. కనుక రిజిస్టరు చేసే పని ఒక నమూనా ఉనికిని దాఖలు చేయడం. నమోదు కాని నమూనాను నకిలీ అని తేల్చే అధికారం దానికి లేదు.

6. ఇంటి కుట్టులోని కొలమానం

అట్లయితే కిల్ట్‌ను కిల్ట్‌గా నిలిపేది ఏమిటి? ముందు ఒకదానిపై ఒకటి వచ్చే రెండు సాదా పల్లెలు, వెనుక వరుసగా కుచ్చిళ్ళు, నడుము నుండి తుంటి వరకు ఆ కుచ్చిళ్ళను పట్టి ఉంచే కుట్టు. సుమారు ఒకటిన్నర గజాల పన్నా ఉన్న బట్టను పొడవునా రెండుగా చీల్చి కలిపితే నాలుగు గజాల బట్ట ఎనిమిది గజాలవుతుంది. ప్రతి మడతలోను ఒక పూర్తి సెట్‌ను ఇమిడ్చితే వెనుక వైపు కూడా గళ్ళు తెగకుండా కొనసాగుతాయి. చవక బట్టతో వచ్చే అసలు చిక్కు ఇక్కడే ఉంది. పాలియెస్టర్ మిశ్రమంలో గాని పలుచని నూలులో గాని బరువైన ఉన్నికి ఉన్న దళసరితనం ఉండదు, మడతలు నిలవవు. గళ్ళు ముద్రించినవైతే నూలువాటుతో కలవక వంకర తిరగవచ్చు. ఇవి కుట్టేవాడు ఇస్త్రీతోను అదనపు కుట్లతోను ఎదుర్కోవలసిన పనితనపు సమస్యలు. వంశావళికి వీటితో సంబంధం లేదు.

అయితే ఇంట కుట్టిన కిల్ట్ పాత హైలాండ్ వస్త్రానికి అచ్చమైన వారసత్వమని చెప్పడమూ తొందరపాటే. ఆనాటి బట్ట స్థానికంగా వడికి, అద్ది, నేసినది. నేటి చవక బట్ట ఎక్కడో మిల్లులో తయారైనది. రెండింటికీ పోలిక ఉన్నది ఒక్క అంశంలోనే. ధరించేవాడు అందుబాటులో ఉన్న బట్టను ఎవరి అనుమతీ కోరకుండా తన ఒంటికి అనువుగా మలచుకున్నాడు.

7. ముగింపు

కిల్ట్ చరిత్రలో సైన్యం ఏకరూపతను, వ్యాపారం పేర్లను, ప్రభుత్వం నమోదును చేర్చాయి. ప్రతి దశలోను కొత్తగా వచ్చిన నియమం తానే ప్రాచీనమైనట్లు కనిపించింది. వంశపు టార్టాన్ ధరించేవారి అనుబంధం దీనివల్ల అసత్యం కాదు. రెండు శతాబ్దాల ఆచరణ కూడా చరిత్రే. కానీ ఆ ఆచరణను గీటురాయిగా చేసి, చవక గళ్ళబట్టతో తన కిల్ట్ తాను కుట్టుకున్నవానిని పరంపరకు బయటివాడనడం చరిత్రను తలక్రిందులు చేయడమే. నమోదు లేని గళ్ళు నేసిన చేతులే ఆ పరంపరకు ఆరంభం.