ఇటు ఇల్లూరు, అటు తరిమెల

యుద్ధవిమానం నడిపి, అది కూలి ముఖం చితికినా బతికి బయటపడి, తన పండ్లతోటకి తిరిగొచ్చి, ఆ తోటలోంచి వెళ్ళి ప్రధానమంత్రి అయినాయన ఒకరున్నారు. ఆస్ట్రేలియా జాన్ గోర్టన్. అచ్చం సినిమా కథ. ఆయన ప్రధానిగా ఉన్న 1969లోనే మన దగ్గర అలాంటి కథ తిరగబడి నడిచింది. ఢిల్లీలో స్పీకరు కుర్చీ వదులుకున్న నీలం సంజీవరెడ్డిగారు అనంతపురం వచ్చేసి సేద్యంలో దిగారు.

యుద్ధకాలం ఈయనకి చాలామటుకు జైల్లోనే గడిచింది. 1942 మార్చిలో వదిలారు, ఆగస్టులో మళ్ళీ పట్టుకుని అమరావతి జైలుకి పంపారు. మన కృష్ణ ఒడ్డుదనుకునేరు, అది బేరారులోది. అక్కడ ప్రకాశంగారు, కామరాజు, వి.వి.గిరి తోటి ఖైదీలు. ఈ గిరిగారిని కాస్త గుర్తుంచుకోండి. ఇక విమానాల ముచ్చటంటారా, 1966లో తీరింది లెండి. కేంద్రమంత్రిగా పౌర విమానయానం కూడా ఆయన చేతికే వచ్చింది.

ఆయన కథ ఎప్పుడు చదివినా నా మనసు మాత్రం నాగరత్నమ్మగారి మీదికే పోతుంది. తరిమెల ఆడపడుచు, 1935 జూన్ 8న ఇల్లూరు కోడలయ్యారు. రెండూ అనంతపురం జిల్లా ఊళ్ళే. ఆవిడ తోడబుట్టినవాడు తరిమెల నాగిరెడ్డి, కమ్యూనిస్టు. యుద్ధం తెచ్చే ఆర్థిక ఫలితాల మీద పుస్తకం రాసినందుకు ఆయనకీ జైలే. 1952 ఎన్నికల్లో అనంతపురం శాసనసభ స్థానానికి బావా బావమరుదులిద్దరూ ఎదురెదురు నిలబడ్డారు. బావమరిదే గెలిచాడు! ఆ వారం ఆ ఇంటి ఇల్లాలు ఎవరికి దిష్టి తియ్యాలి, చెప్పండి? చరిత్ర పుస్తకాలు భర్తకో పేజీ, తోడబుట్టినవాడికో పేజీ ఇచ్చి, ఆవిడకి పెళ్ళితేదీతో సరిపెట్టేశాయి.

ఓడినాయన 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మిగతా పదవుల జాబితా మీకు తెలిసిందే.

1969 మార్చిలో నాగిరెడ్డి శాసనసభ వల్ల ప్రజలకి ఒరిగేదేమీ లేదని రాజీనామా చేశారు. జూలైలో సంజీవరెడ్డిగారు రాష్ట్రపతి పదవికి పోటీ కోసం స్పీకరు పదవి వదిలారు. కాంగ్రెసు అభ్యర్థి ఆయనే. కానీ ఇందిరాగాంధీ అంతరాత్మ చెప్పినట్టు ఓటెయ్యమన్నారు. చాలా అంతరాత్మలు గిరిగారి పేరే చెప్పాయి. రెండో ప్రాధాన్యపు ఓట్లు కూడా కలిపాక 14,650 ఓటు విలువ తేడాతో ఈయన ఓడిపోయారు. ఒకే ఏడాదిలో ఇద్దరూ సభలు విడిచి వచ్చేశారు. ఒకరిది విప్లవం దారి, ఒకరిది చేని దారి.

ఆ చేను కోనసీమలో లేదు మరి. నైరుతి మబ్బు పడమటి కనుమల్లోనే కురిసేసి ఇటు ఒట్టి చేతులతో వస్తుంది. ఈశాన్యపు మబ్బు కోస్తా దాటేసరికే అలిసిపోతుంది. ఏడాది మొత్తానికి వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. శనక్కాయ విత్తనం ఒళ్ళో పెట్టుకుని మొగులుకేసి చూసే సీమ. ఓడిన నాయకులు ఢిల్లీలోనే ఏ గవర్నరుగిరీకో కాచుకు కూర్చోవడం చూస్తూంటాం. ఈయన కూర్చోలేదు. అభిమానమనండి, అలకనండి, నాకు రెండూ కనిపిస్తాయి. రాయలసీమ పౌరుషంలో ఆ రెంటికీ పెద్ద తేడా ఉండదనుకుంటాను.

1975లో జయప్రకాశ్ నారాయణ్ పక్కన మళ్ళీ వేదిక ఎక్కారు. అంతలోనే ఎమర్జెన్సీ. నాగిరెడ్డి అజ్ఞాతంలో ఉండగానే 1976 జూలై 28న కన్నుమూశారు. మరుసటేడు ఎన్నికల్లో రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాలకి 41 కాంగ్రెసువి. మిగిలిన ఒక్కటీ నంద్యాల, అది సంజీవరెడ్డిగారిది. 1977 జూలై 25న పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. జీతంలో 70 శాతం వద్దన్నారు. నాగరత్నమ్మగారు ఆ దేశపు తొలి ఇల్లాలైన నాటికి తోడబుట్టినవాడు పోయి ఏడాది నిండడానికి ఇంకా మూడు రోజులుంది.

1982 జూలైలో పదవి ముగిశాక భార్యాభర్తలు మళ్ళీ అనంతపురానికే వచ్చారు.