పూర్తధర్మం – పెనుకొండ సీమ జలచరిత్ర

సనాతన ధర్మం గృహస్థుని సత్కర్మలను ఇష్టమనీ పూర్తమనీ రెండు విధాలుగా విభజించింది. అగ్నిహోత్రాది వైదిక కర్మలు ఇష్టం. వాపీ కూప తటాక నిర్మాణం, దేవాలయ ప్రతిష్ఠ, అన్నదానం, ఆరామ స్థాపన పూర్తం. ఇష్టానికి అధికార నియమాలున్నాయి. పూర్తానికి సర్వవర్ణాలవారూ అధికారులే. శిథిలమైన బావిని, చెరువును, ఆలయాన్ని ఉద్ధరించినవాడు సైతం పూర్తఫలాన్ని పొందుతాడని లిఖితస్మృతి విధించింది. ఈ విధిలోని గాంభీర్యం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల చరిత్రను పరిశీలించినప్పుడు బోధపడుతుంది.

ఈ సీమ వృష్టిఛాయా ప్రాంతం. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టిన పెన్న, చిత్రావతి నదులు ఈ నేలమీదుగా ప్రవహిస్తాయి. కాని సంవత్సరంలో అధికభాగం వాటిలో ఇసుకే దర్శనమిస్తుంది. కురిసిన నాలుగు వానలను నిలుపుకోవడమే ఇక్కడి జీవనాధారం. అందువల్ల ఇక్కడ చెరువు కేవలం సేద్యసాధనం కాదు, ఊరి ప్రాణం.

విజయనగర ప్రభువులు ఈ సత్యాన్ని గుర్తించారు. రెండవ హరిహరరాయల కాలంలో ఆయన కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండ రాజ్యాన్ని పాలించేవాడు. 1388 నాటి శాసనం ఒక విశిష్ట వృత్తాంతాన్ని తెలుపుతున్నది. ప్రాణులకు నీరే జీవనమని తలచిన రాజకుమారుడు, జలసూత్రంలో నిపుణుడైన సింగయభట్టును పిలిపించి, హెన్నె నదిని, అనగా పెన్నను, పెనుకొండకు తీసుకురమ్మని ఆజ్ఞాపించాడు. సింగయభట్టు కల్లుడి వద్ద నుండి సిరువెర చెరువు వరకు కాలువ త్రవ్వించి, దానికి ప్రభువు పేరు పెట్టాడు. శాసనంలో రాజుతోపాటు జలశాస్త్రవేత్త నామం కూడా శిలాక్షరమై నిలవడం ఆనాటి సమాజం ఆ విద్యకిచ్చిన గౌరవానికి నిదర్శనం.

ఆ విద్య ఎంతటి శాస్త్రీయతను సంతరించుకున్నదో పొరుగునే ఉన్న కడప సీమలోని పోరుమామిళ్ల శాసనం వెల్లడిస్తున్నది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన ఆ శాసనం తటాకాన్ని సప్తసంతానాలలో ఒకటిగా కీర్తిస్తుంది. నిత్యం వేయిమంది కూలీలు, నూరు బండ్లతో రెండు సంవత్సరాలు శ్రమించి ఆ చెరువును నిర్మించినట్లు తెలుపుతుంది. తటాకానికి పన్నెండు సాధనాలను, ఆరు దోషాలను కూడా పేర్కొంటుంది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టినేల, తియ్యని నీటి నది, రాతితో బిగించిన కట్ట, నిర్మాణంలో ఆరితేరిన పనివారు సాధనాలలో కొన్ని. కట్టనుండి నీరు ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మిట్ట ఉండటం, స్వల్పజలానికి విస్తారమైన ఆయకట్టు, అధికజలానికి స్వల్పక్షేత్రం - ఇవి షడ్దోషాలు. ఈ పట్టికలో నీటికీ నేలకూ మధ్య పరిమితి పాటించాలనే నియమం ఉన్నది. పరిమితిని అతిక్రమిస్తే నీరెంత ఉన్నా దోషమే.

నిర్మించిన తటాకాన్ని నిలుపుకోవడం అంతకంటె దుష్కరం. అనంతపురం సమీపంలోని బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోగా ముసలమ్మ అనే ఇల్లాలు ఆత్మార్పణం చేసిందని స్థానిక గాథ. దానినే కట్టమంచి రామలింగారెడ్డి కావ్యంగా రచించారు. గాథలో ఒక్కరి త్యాగం కట్టను కాపాడింది. నిత్యజీవితంలో దానిని కాపాడినది ఊరి వ్యవస్థ. చెరువు మరమ్మతు చేసే బాధ్యతతో ఇచ్చిన భూములను దశబంధ మాన్యాలన్నారు. తూము తెరిచి మడిమడికీ వంతు ప్రకారం నీరు పారించేవాడు నీరుగంటి. పూడిక తీయడం, కట్టకు మట్టి వేయడం, మరువను చక్కదిద్దడం ఊరందరి ఉమ్మడి కర్తవ్యం. చెరువులోని ఒండ్రుమట్టి పొలానికి ఎరువై తిరిగి చేరేది. గీత మూడవ అధ్యాయంలో భగవానుడు ఉపదేశించిన యజ్ఞచక్రం ఇక్కడ ప్రత్యక్షంగా తిరిగింది. వానవల్ల అన్నం, అన్నంవల్ల ప్రాణులు, ప్రాణుల కర్మవల్ల మళ్లీ చెరువుకు పుష్టి.

1800లో నిజాం ఈ సీమను ఆంగ్లేయులకు దత్తం చేశాడు. తరువాతి కాలంలో మాన్యాల వ్యవస్థ సడలింది; చెరువు ఊరి ధర్మం నుండి సర్కారు పద్దులోకి మారింది. 1876-78 కరువులో, అప్పటికి బళ్లారి జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం అపారమైన దుఃఖాన్ని చవిచూసింది. సరిహద్దు దోషం కూడా ఫలించింది. నదుల పైభాగం మైసూరులోను, క్రిందిభాగం మద్రాసు రాజధానిలోను ఉండటంవల్ల, 1892లో ఆ రెండు ప్రభుత్వాలూ నదీజలాలపై చేసుకున్న ఒడంబడికలో పెన్న, చిత్రావతి పేర్లు కూడా చేరాయి.

ఇరవయ్యవ శతాబ్దం చివరికి బోరుబావి రంగప్రవేశం చేసింది. చెరువు కంటికి కనిపించే నీరు. ఎవరి వాటా ఎంతో ఊరందరికీ తెలుసు. భూగర్భజలం అదృశ్యం, లోతుగా వేసినవాడిదే పైచేయి. వేరుశనగ ఏకపంటగా వ్యాపించిన మెట్టభూములలో చిన్నరైతు అప్పు తెచ్చి బోరు వేసి, అది ఎండితే మరొకటి వేసి, నేలకంటె లోతైన ఋణంలో కూరుకుపోయాడు. పోరుమామిళ్ల శాసనం చెప్పిన ఐదవ దోషమే ఇది: స్వల్పజలం, అధికక్షేత్రం.

ఉద్ధరణ యత్నాలు కూడా ఈ నేలపైనే మొలిచాయి. 1990లో చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో ఆరంభమైన టింబక్టు కలెక్టివ్ బీడునేలను పచ్చబరచి, చిన్నరైతులను కొర్ర, రాగి వంటి తక్కువ నీటి పంటలవైపు మళ్లించి, సహకార సంఘం ద్వారా వారి పంటకు విపణి కల్పించింది. అనంతపురం సహా ఏడు జిల్లాలలో సాగిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకంలో సేద్యగాళ్లే వర్షపాతాన్ని, బావుల నీటిమట్టాన్ని కొలిచి, ఉన్న నీటికి తగిన పంటను నిర్ణయించుకోవడం నేర్చుకున్నారు. హంద్రీ-నీవా ద్వారా కృష్ణాజలం పెనుకొండ సమీపంలోని గొల్లపల్లి జలాశయానికి చేరింది. సింగయభట్టు సంకల్పం నేడు శ్రీశైలం నుండి ఎత్తిపోతల రూపంలో కొనసాగుతున్నది. అయితే తెచ్చిన నీరు నిలవాలంటే పూడిక లేని చెరువు కావాలి, పరిమితి తెలిసిన ఊరు కావాలి.

ఇక్కడ సాధకునికి ఒక సందేహం కలుగవచ్చు. ఇష్టాపూర్తాలే పరమశ్రేయస్సని భావించేవారు మూఢులని ముండకోపనిషత్తు హెచ్చరించలేదా? హెచ్చరించింది. కాని అది నిరాకరించినది ఫలాసక్తిని, చెరువును కాదు. పుణ్యం లెక్కించుకొనేవాడు కట్టిన చెరువు అతని పేరుతోనే ఆగిపోతుంది. తన పేరు లేని చెరువులో పూడిక తీసేవాడు, పొరుగువాని మడి తడవాలని తన బోరు ఆపేవాడు కర్మయోగి. ఆ నిష్కామత వల్ల చిత్తశుద్ధి, చిత్తశుద్ధి వల్ల జ్ఞానాధికారం కలుగుతాయి. పెనుకొండ సీమలో ఆ సాధనకు కావలసిన క్షేత్రం ప్రతి ఊరి చివరా ఉన్నది. తుమ్మచెట్లు మొలిచిన కట్టతో, మూసుకుపోయిన తూముతో, ఉద్ధరించే చేతుల కోసం వేచి ఉన్నది.