వెండి కరువూ, తెలుగు అక్షరమూ

మా మోస్రాలో వృద్ధులు పాత సంగతులు చెప్పేటప్పుడు ‘హాలీ’, ‘కల్దార్’ అనే మాటలు దొర్లేవి. హాలీ అంటే నిజాం సిక్కా. కల్దార్ అంటే ఇంగ్లీషువాళ్ళ రూపాయి. ఆ మాటల వెనుక ఉన్న చరిత్ర ఆర్థికశాస్త్రానికే కాదు, భాషాచరిత్రకూ సంబంధించినదే.

1914లో యుద్ధం మొదలుకాగానే జర్మనీలో జనం నాణేలు దాచుకున్నారు. రాగి, నికెల్ ఆయుధాల తయారీకి తరలిపోయాయి. బజారులో చిల్లర కరువైంది. అప్పుడు పట్టణ పాలక సంఘాలే ఇనుముతో, జింకుతో సొంత నాణేలు పోయించాయి, కాగితాలూ అచ్చువేయించాయి. ‘నోట్‌గెల్డ్’ అని పేరుపడిన ఆ అక్కర డబ్బుమీద సామ్రాజ్యపు గద్దకు బదులు ఊరి పేరు, ఊరి చిహ్నం ఉండేవి. ప్రభుత్వం చేయలేని పనికి ఊరు జామీను నిలబడిందన్నమాట.

అదే యుద్ధం హైదరాబాదు సంస్థానానికీ వెండి కరువు తెచ్చింది. అయితే ఇక్కడ ఊరికి ఆ అధికారం ఎక్కడిది? 1918లో కాగితపు కరెన్సీ చట్టం చేసి నిజాం ప్రభుత్వమే 10, 100 రూపాయల నోట్లు తెచ్చింది. 1919లో ఒక రూపాయి నోటు కూడా వచ్చింది.

వెండి రూపాయిమీద చార్మినారు, పర్షియన్ అక్షరాలు. రైతుకు వాటిని చదవవలసిన పనిలేదు. రాతిమీద మోగిస్తే మంచిదో చెడ్డదో తెలిసేది. కాగితం మోగదు. దాన్ని నమ్మించాలంటే చదివించాలి. నోట్లమీద ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపుల్లోనూ విలువ అచ్చుకావడానికి అసలు కారణం ఈ అవసరమేనని నా అభిప్రాయం.

ఇది ఉదారత కాదనడానికి నిదర్శనం దూరాన లేదు. అదే 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను హేళన చేశారు. ఆంధ్రజనసంఘం ఆ అవమానంలోంచే పుట్టింది. తెలుగు అంకె చెప్పడానికి పనికివచ్చింది. ఆలోచన చెప్పడానికి పనికిరాలేదు.

హాలీకి కాలం తీరింది. 1950లో 7 హాలీ రూపాయలకు 6 భారత రూపాయల లెక్క వచ్చింది. 1959లో హాలీ చెలామణీ రద్దయింది. కాని ఆ నోటు నేర్పిన పాఠం మిగిలే ఉంది. పాలకులు మన భాషను అచ్చువేసినంత మాత్రాన దానికి హక్కు దక్కినట్టు కాదు. ఏ అవసరానికి అచ్చువేశారు, ఏ పని దగ్గర ఆపేశారు – రచయిత అడగవలసిన ప్రశ్నలు ఇవి.