తిలంగా సిపాయి బొమ్మ

మా అబ్బా రైల్వే ఉద్యోగి. 1980ల చివర్లో కొత్తవలస-కిరండూల్ లైను మీద అరకుకి బదిలీ అయితే మేమంతా అక్కడి క్వార్టర్స్‌కి చేరాం. అబ్బా విశాఖపట్నం వెళ్ళొచ్చినప్పుడల్లా పూర్ణా మార్కెట్ నుంచి ఒక కవరు ప్లాస్టిక్ సిపాయిల్ని తెచ్చేవాడు. సగం ఆకుపచ్చవి, సగం మట్టిరంగువి. బొమ్మలు మావే అయినా పంపకం మాత్రం పక్క క్వార్టర్ల పిల్లలు చేసేవాళ్ళు. "పచ్చవి నీవిరా సాయిబూ, నువ్వు పాకిస్తాన్." సంత వైపు నుంచి ఆటకొచ్చే కొండదొరల కుర్రాడొకడుండేవాడు. వాడి చేతిలో తలకి ఈకలు చుట్టుకున్న విల్లు బొమ్మ ఒకటి పెట్టి "నువ్వు ఏజెన్సీవోడివి" అనేవాళ్ళు. ఆట ఎన్నిసార్లు ఆడినా మేమిద్దరం ఓడిపోవాల్సిందే. నేను ఏడిస్తే అమ్మీ కోప్పడేది, బొమ్మలకి ఏడుస్తావేమిట్రా అని.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. ఉర్దూలోనూ తెలుగులోనూ వార్తలు రాసి బతుకుతున్నాను. ఆ బొమ్మల పిచ్చి మాత్రం పోలేదు. బీరువాలో ఒక అర నిండా సిపాయిలే. పాత పుస్తకాలు, మ్యూజియం బొమ్మలు చూసి ఏ బొమ్మ ఏ సైన్యానిదో గుర్తుపట్టడం నేర్చుకున్నాక తెలిసింది నా చిన్నప్పటి మోసం. నా ఆకుపచ్చ 'పాకిస్తానీలు' రెండో ప్రపంచ యుద్ధపు అమెరికన్ సిపాయిలు. ఆ టోపీ చూస్తే చాలు తెలిసిపోతుంది. మన దేశపు జవాన్లు తొడిగేది కూడా ఒక రకం ఆకుపచ్చే కదా! అది ఆ పిల్లలకి అడ్డు రాలేదు. పచ్చరంగు ఎవరిదో వాళ్ళకి ఇంట్లో ముందే చెప్పేశారు. ఇక ఈకల విల్లుకాడు అమెరికా మైదానాల ఆదివాసి. హాలీవుడ్ సినిమాలోంచి అచ్చులోకి, అచ్చులోంచి మా అరకు క్వార్టర్స్‌కి వచ్చాడు. మన్యం మనిషికి ఆ ఈకల కిరీటం ఎక్కడిది?

ఈ బొమ్మల లోకంలో నిజాయితీ గురించి పట్టింపు చాలా ఎక్కువ. ఇంగ్లండులో బ్రిటన్స్ కంపెనీ 1893లో లోపల బోలుగా ఉండే సీసపు సిపాయిల్ని పోతపోయడం మొదలుపెట్టింది. 54 మిల్లీమీటర్ల ఎత్తు వాళ్ళ కొలత. ఏ పటాలానికి ఏ రంగు కాలరో తప్పు పోనిచ్చేవాళ్ళు కాదు. తర్వాత 1959 నుంచి ఎయిర్‌ఫిక్స్ వాళ్ళు 72వ వంతు కొలతలో చిన్న ప్లాస్టిక్ సిపాయిల్ని పెట్టెల్లో అమ్మారు. ఐదున్నర అడుగుల మనిషి అందులో 23 మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరుకంటే పొడుగు, అంతే. అంత చిన్న బొమ్మ మీద కూడా గుండీలు లెక్కపెట్టేవాళ్ళున్నారు. కానీ అదే కంపెనీ ఫ్రెంచి ఫారిన్ లీజియన్ పెట్టెకి జోడీగా అరబ్బుల పెట్టె కూడా తీసింది. లీజియన్ ఏ దేశానిదో, ఏ దుస్తులు తొడుగుతుందో తెలుసు. అరబ్బులది ఏ దేశం, ఏ తెగ, ఏ ఏడాది? ఆ లెక్క ఎవరూ అడగరు. ఒంటె, కత్తి, ఎగిరే గుడ్డ ఉంటే సరిపోతుంది. ఖచ్చితత్వం గెలిచినవాడి గుండీల దగ్గర ఆగిపోతుందన్నమాట.

నాకు కావలసిన బొమ్మ మాత్రం ఏ పెట్టెలోనూ దొరకలేదు. అది తిలంగా సిపాయి.

తిలంగా అనే మాట నాకు మొదట ఉర్దూలో ఎదురైంది. 1857 తిరుగుబాటు నాటి ఢిల్లీ రాతల్లో తిరగబడిన కంపెనీ సిపాయిల్ని 'తిలంగే' అన్నారు. ఆ ఏడాదే తెల్లవాళ్ళు చంపేసిన మౌల్వీ ముహమ్మద్ బాకర్ నడిపిన దిహ్లీ ఉర్దూ అఖ్బార్‌లోనూ ఆ మాట కనిపిస్తుంది. ఆ సిపాయిల్లో ఎక్కువమంది అవధ్ వైపు బ్రాహ్మణులు, రాజపుత్రులు, ముసల్మానులు. తెలుగు ముక్క రానివాళ్ళు. అయినా తిలంగాలే! ఎందుకంటే యూరపు పద్ధతిలో కవాతు నేర్చిన సిపాయిల్ని ఉత్తరాది జనం మొదట చూసింది దక్షిణం నుంచి వెళ్ళినవాళ్ళలోనే. 1757 జనవరిలో క్లైవు కలకత్తాని తిరిగి పట్టుకున్నది మద్రాసు నుంచి ఓడల్లో తీసుకెళ్ళిన సిపాయిలతో. తెలుగువాడి పేరు అలా ఒక వృత్తి పేరైపోయింది.

అటు ఉర్దూవాళ్ళు సిపాయికి తెలుగు పేరు పెడితే, ఇటు తెలుగులో సిపాయి అన్నదే పారశీ మాట. ఫౌజు, జవాను, జమేదారు, సుబేదారు, హవల్దారు, తుపాకి - ఇవన్నీ ఎవరి నోటి నుంచి వచ్చాయి? మన్యంలో కొండ గ్రామాల పెద్ద ముఠాదారు. ఆ 'దారు' ఎక్కడిది? తెల్లవాడి మీద తిరగబడితే దానికి పేరు ఫితూరీ. 1879లో రంప ఫితూరీ, 1922లో సీతారామరాజు ఫితూరీ. ఫితూర్ అంటే మా ఇంట్లో గొడవ, తిక్క. "క్యా ఫితూర్ హై తేరే దిమాగ్ మే" అని అమ్మీ నన్నెన్నిసార్లు తిట్టిందో! ఉర్దూ అన్న మాటకే అసలు అర్థం సైనిక శిబిరం.

అదే 1757 జనవరిలో ఇటు బొబ్బిలి కోట తగలబడింది. బుర్రకథల్లో, 1964 నాటి సినిమాలో ఆ కథ అందరికీ తెలుసు. రంగారావు, తాండ్ర పాపారాయుడు వీరులు. విజయరామరాజు అసూయపరుడు. అసలు కుట్రంతా మాత్రం హైదర్ జంగు నెత్తిన. హైదర్ జంగు సుగుణవంతుడని నేననను. బుస్సీ దొరకి దుబాసీ అతను, డబ్బు తిన్నాడు, తినిపించాడు. కానీ ఫిరంగులు ఫ్రెంచివాళ్ళవి, పగ విజయనగరానిది. బుస్సీ దగ్గర తయారైనవాడే ఇబ్రహీం ఖాన్ గార్దీ. ఇతని తిలంగా పటాలాలు ముందు నిజాం కొలువులో, తర్వాత మరాఠాల కొలువులో ఉన్నాయి. 1761 జనవరి 14న పానిపట్టులో ఇతను మరాఠాల పక్షాన అబ్దాలీ మీద పోరాడి, పట్టుబడి, చంపబడ్డాడు. బుర్రకథ చెప్పేవాళ్ళకి హైదర్ జంగు దొరికాడు, ఇబ్రహీం ఖాన్ దొరకలేదు. ఎందుకో పాఠకులే ఆలోచించాలి.

ఇక నా బొమ్మ రంగు సంగతి. 1758లో విజయనగరం ఆనందరాజు పిలిస్తే బెంగాలు నుంచి కల్నల్ ఫోర్డు విశాఖపట్నంలో దిగాడు. వెంట సుమారు 500 మంది తెల్లవాళ్ళు, 2000 మంది సిపాయిలు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి వద్ద ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్‌తో యుద్ధం. ఫోర్డు తెల్ల పటాలం నిలువెత్తు చేను వెనక కనపడకుండా పోయింది. బయటికి కనిపించింది ఎర్రకోట్ల సిపాయిలు. బెంగాలులో సిపాయిలకి ఎర్రకోటు తొడిగించారని, ఈ కోస్తాలో అలాంటి వేషం చూడని ఫ్రెంచివాళ్ళకి తెలియదు. వీళ్ళే ఇంగ్లీషువాళ్ళనుకుని వీళ్ళ మీదికే వచ్చారు. సిపాయిలు వెనక్కి తగ్గారు, ఫ్రెంచివాళ్ళు తరిమారు, చేను వెనక నుంచి తెల్లవాళ్ళు లేచి కాల్చారు. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువాడి పాలు కావడానికి అక్కడే దారి పడింది. బొమ్మకి రంగు వేయడంలో తప్పేముంది అనేవాళ్ళకి నేను చందుర్తి కథే చెబుతాను.

మన్యం వాళ్ళ బొమ్మలకి కూడా ఇంత లెక్క ఉండాలి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి రాజు దళం పట్టుకెళ్ళింది 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు. అంటే గాం గంటందొర మనుషుల చేతిలో విల్లుతో పాటు సర్కారీ తుపాకి కూడా ఉంది. వాళ్ళ మీదికి వచ్చినవాళ్ళలో మలబార్ స్పెషల్ పోలీసులున్నారు. ఆ దళాన్ని 1921లో మాప్పిళ్ళ ముసల్మానుల తిరుగుబాటు అణచడానికి పుట్టించారు. మలబారులో మావాళ్ళని కాల్చిన బూట్లే ఏడాది తిరక్కుండా మన్యం ఎక్కాయి. మా క్వార్టర్స్ ఆటలో నన్నూ ఆ కొండదొరల కుర్రాణ్ణీ ఒకే పక్కన కూర్చోబెట్టిన పిల్లలకి ఇదంతా తెలియదు. మాకూ తెలియదు.

బొమ్మ దొరకనప్పుడు చేసుకోవడమే. ముందు ప్లాస్టిక్కుతో ప్రయత్నించాను. ఒక ఇంగ్లీషు సిపాయి టోపీ కోసేసి మైనంతో తలపాగా చుట్టాను. ప్యాంటు గీకి మోకాళ్ళపై లాగూ చేశాను, ఆనాటి సిపాయిలు అదే తొడిగేవాళ్ళు, కాళ్ళకి బూట్లుండేవి కావు. ఆ మెత్తటి ప్లాస్టిక్ మీద రంగు నిలవదు. సబ్బునీళ్ళతో కడిగి వేసినా నెలకి పొలుసులు లేచింది. పిక్కల దగ్గర మళ్ళీ తెల్లవాడే బయటపడ్డాడు.

చివరికి ఏటికొప్పాక వెళ్ళాను. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే ఊరు. ఓ పెద్దాయన తరిమెన మీద కర్ర తిప్పి, ఎర్ర లక్క ఒత్తి పట్టుకుంటే రాపిడి వేడికి రంగు కరిగి కర్రలోకి పట్టుకుంది. మొగలి ఆకుతో మెరుగు పెట్టాడు. ఎర్రకోటు నేను అనుకున్న దానికంటే బాగా వచ్చింది. లాగూ నీలం. తలపాగా కాస్త పెద్దదైంది, ఊరుకున్నాను. ముఖం దిద్దడానికి కుంచె తీసి ఆయన ఆగాడు. నా వంకా, చేతిలో బొమ్మ వంకా చూశాడు.

"సాయిబుగారూ, తవరే సెప్పండి. ఈడికి బొట్టెట్టాలా, గెడ్డమెట్టాలా?"

చందుర్తి చేలో నిలబడ్డ ఆ రెండు వేలమందినీ ఒక్కసారి తలుచుకున్నాను.

"మీసం పెట్టండి చాలు," అన్నాను.