అంతరిక్ష గణనలో మహిళలు: ఎవరి శ్రమకు ఎవరి పేరు?

అంతరిక్ష యాత్రల చరిత్ర మనకు చాలావరకు రాకెట్ల చరిత్రగా, వాటిలో ప్రయాణించినవారి చరిత్రగా లభించినది. గగారిన్, ఆర్మ్‌స్ట్రాంగ్, రాకేశ్ శర్మల పేర్లు పాఠశాల విద్యార్థికి కూడా కంఠస్థమే. రాకెట్టు ఏ క్షణాన మండాలో, ఏ క్షణాన ఆగాలో లెక్కగట్టి, ఆ లెక్కను యంత్రం గ్రహించే భాషలో వ్రాసి ఇచ్చినవారి పేర్లు మాత్రం నిపుణుల వలయం దాటి రావడానికి దశాబ్దాలు పట్టినది. నేడు నోయిడాలోనూ, హైదరాబాదు మాదాపూరులోనూ వేలాది యువతులు ప్రతి ఉదయం సాఫ్ట్‌వేర్ కార్యాలయాలకు బయలుదేరుతున్నారు. 1960 దశకం ఆరంభంలో వారి వృత్తికి స్థిరమైన పేరైనా లేదు. యంత్రాన్ని నిర్మించడం ఇంజనీరు పని, దానికి సూచనలు వ్రాయడం సహాయకుల పని అన్న భావన అప్పట్లో బలంగా ఉండేది. చిన్నదిగా ఎంచిన పని కనుకనే స్త్రీలకు అందులో ప్రవేశం సులభమైనది. చిన్నదిగా ఎంచిన పని కనుకనే వారి పేర్లు నమోదు చేయవలసిన అవసరం ఎవరికీ తోచలేదు.

ఈ లోటును పూడ్చే ప్రయత్నం గత ఇరవై సంవత్సరాలలో ముమ్మరమైనది. దానితో పాటు ఒక కొత్త చిక్కు వచ్చినది. మరుగున పడిన స్త్రీని వెలికి తీసే ఉత్సాహంలో వందలాది మంది శ్రమను ఒక్కరి పేరున జమకట్టడం, ఆ ఒక్కరి చుట్టూ ఉన్న ఇతర స్త్రీలను తిరిగి మరుగున పడవేయడం జరుగుతున్నది. ఎవరు ఏ పని చేశారో ఆ పనిని వారికి చెందించడమే న్యాయమైన గుర్తింపు. వినడానికి సులువుగా ఉన్నా, ఆచరణలో ఇది ఎంత కష్టమో కొన్ని ఉదాహరణలను పరిశీలిస్తే తెలుస్తుంది.

అమెరికాలోని లాంగ్లీ పరిశోధన కేంద్రంలో 1935 నుండి 'కంప్యూటర్' అన్నది ఒక ఉద్యోగం పేరు. ఆ ఉద్యోగులు స్త్రీలు. గాలి సొరంగ ప్రయోగాల ఫలితాలను చేతితోనూ, బల్ల మీది లెక్కల యంత్రంతోనూ గణించి ఇంజనీర్లకు అందించడం వారి విధి. నల్లజాతి స్త్రీలకు విడిగా ఒక విభాగం ఉండేది. దానికి 1949లో డొరొతీ వాన్ నాయకత్వం వహించారు. ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చి తమ ఉద్యోగాలకు ఎసరు పెట్టబోతున్నాయని ముందుగా గ్రహించి, ఫోర్ట్రాన్ భాషను తాను నేర్చి తోటివారికి నేర్పిన దూరదృష్టి ఆమెది. ఆ విభాగంలో 1953లో చేరిన కేథరిన్ జాన్సన్ 1960లో టెడ్ స్కోపిన్‌స్కీతో కలసి, భూమిపై ఎంచుకున్న స్థలానికి ఎగువగా ఉపగ్రహాన్ని చేర్చే గణితం గురించి ఒక నివేదిక వ్రాశారు. ఆమె పనిచేసిన శాఖలో ఒక స్త్రీ పేరు రచయితగా అచ్చుపడిన మొదటి నివేదిక అదే. లెక్కలు అంతకు ముందూ స్త్రీలే చేశారు. పేరు వేయడం మాత్రమే కొత్త. 1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ భూపరిభ్రమణానికి బయలుదేరే ముందు యంత్రం ఇచ్చిన అంకెలను ఆమె చేత సరిచూపించమని కోరడం ప్రసిద్ధమే. ఆ సంఘటన లోకానికి తెలిసి, దేశాధ్యక్షుని పతకం 2015లో ఆమెను చేరేసరికి ఆమె వయస్సు 97 సంవత్సరాలు.

లాంగ్లీ నుండి మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థకు వస్తే అక్కడి పరిస్థితి కొంత భిన్నం. వాతావరణ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లోరెంజ్ వద్ద ప్రోగ్రాములు వ్రాసిన మార్గరెట్ హామిల్టన్, తన స్థానంలోకి వచ్చిన ఎలెన్ ఫెటర్‌కు ఆ పని నేర్పి వేరొక చోటికి వెళ్లారు. లోరెంజ్ 1963లో ప్రకటించిన సుప్రసిద్ధ వ్యాసంలో ఫెటర్‌కు కృతజ్ఞతలు ఉన్నాయి. రచయితగా స్థానం లేదు. కృతజ్ఞతల వాక్యం వరకు రాగలిగిన స్త్రీ కూడా ఆ కాలంలో అదృష్టవంతురాలే అనుకోవాలి.

చంద్రయాత్రకు సంబంధించిన తొలి పెద్ద ఒప్పందాన్ని నాసా 1961 ఆగస్టులో ఎం.ఐ.టి. ఇన్‌స్ట్రుమెంటేషన్ ప్రయోగశాలకు ఇచ్చినది. నౌకను నడిపే గణకయంత్రాన్ని, దాని ప్రోగ్రాములను తయారు చేయడం ఆ ఒప్పందం సారాంశం. యంత్రం బరువు సుమారు 32 కిలోగ్రాములు. దాని స్థిరస్మృతిలో 36,864 పదాలకు, మార్చదగిన స్మృతిలో 2,048 పదాలకు మాత్రమే చోటు. ఇక్కడ పదమంటే 16 బిట్ల కూర్పు. ఈనాటి చేతిఫోనులోని ఒక ఛాయాచిత్రానికి కూడా ఆ చోటు చాలదు. హామిల్టన్ ఆ ప్రయోగశాలలో చేరి, మొదట మానవరహిత నౌకల ప్రోగ్రాములపై పనిచేశారు. ప్రయోగం మధ్యలో రద్దయితే ఏమి చేయాలో చెప్పే భాగాన్ని కొత్తగా వచ్చిన ఆమెకు అప్పగించారు. దాని అవసరం ఎన్నటికీ రాదని అందరూ భావించినందున దానికి ఆమె పెట్టిన పేరు 'ఫర్గెట్ ఇట్', అనగా మరచిపొమ్మని. తీరా అవసరం వచ్చినది. ఆ భాగం తెలిసినది ఆమెకే. క్రమంగా ఆమె కమాండ్ నౌక ప్రోగ్రాములకు, పిదప నౌకలలో ప్రయాణించే సాఫ్ట్‌వేర్ మొత్తానికి నాయకురాలైనారు.

ఆమె పనితీరును తెలిపే ఉదంతం ఒకటి పేర్కొనదగినది. సెలవు రోజులలో, రాత్రివేళల్లో తన చిన్న కుమార్తెను ఆమె ప్రయోగశాలకు వెంట తీసుకువెళ్లేవారు. ఒకనాడు ఆ బాలిక శిక్షణ యంత్రం మీటలతో ఆడుకుంటూ, నౌక ప్రయాణంలో ఉన్నట్టు సాగుతున్న సమయంలో ప్రయోగానికి ముందు వాడే పి01 ప్రోగ్రామును ఎంపిక చేసినది. యంత్రం తబ్బిబ్బయి ఆగిపోయినది. వ్యోమగామి కూడా ఇదే పొరపాటు చేయవచ్చునని, దానిని అడ్డుకునే సూచనలు చేర్చాలని హామిల్టన్ కోరారు. శిక్షణ పొందిన వ్యోమగామి అటువంటి తప్పు చేయడన్న సమాధానం వచ్చినది. 1968 డిసెంబరులో అపోలో 8 యాత్రలో జిమ్ లోవెల్ సరిగ్గా ఆ తప్పే చేశారు. నౌక ఏ దిశలో ఉన్నదో తెలిపే సమాచారం చెరిగిపోగా, నక్షత్రాలను చూసి తిరిగి సరిచేసుకోవలసి వచ్చినది. అడ్డుకట్టకు అనుమతి ఆ తరువాతనే లభించినది. మనిషి పొరపడతాడని ముందే తలచి యంత్రాన్ని సిద్ధపరచడం అన్న సూత్రం ఈనాడు ప్రతి సాఫ్ట్‌వేర్ విద్యార్థికీ తొలి పాఠం. ఆనాడు దానికోసం వాదించవలసి వచ్చినది.

ఇంతవరకు హామిల్టన్ ఘనత నిర్వివాదం. 1969లో తీసిన ఒక ఛాయాచిత్రం వద్ద చిక్కు మొదలవుతుంది. తన ఎత్తున పేర్చిన కాగితపు కట్టల పక్కన ఆమె నవ్వుతూ నిలుచున్న ఆ చిత్రం ప్రపంచమంతా తిరిగినది. ఆ కాగితాలన్నీ ఆమె ఒంటిచేత్తో వ్రాసినవన్న వ్యాఖ్య కూడా దానితో పాటే తిరిగినది. అవి ఆమె, ఆమె బృందం కలసి రూపొందించిన ప్రోగ్రాముల ముద్రిత ప్రతులు. ఆ కృషిలో వందలాది మంది పాలుపంచుకున్నారు. అపోలో 11 కమాండ్ నౌకకు సిద్ధపరచిన ప్రోగ్రాము మొదటి పుటలలో, 1969 మార్చి 28 తేదీన, సమర్పించినవారిగా ప్రోగ్రామింగ్ నాయకురాలు మార్గరెట్ హామిల్టన్ పేరు ఉన్నది. దాని కింద ఆమోదించిన అధికారుల పేర్లు వరుసగా ఉన్నాయి. డేనియల్ లిక్లీ, ఫ్రెడ్ మార్టిన్, రిచర్డ్ బాటిన్ వారిలో కొందరు. ప్రభుత్వ కార్యాలయాలలో దస్త్రం నడక తెలిసినవారికి ఆ పుట చదవడం కష్టం కాదు. ఎవరు సమర్పించారు, ఎవరు ఆమోదించారు, ఎవరి బాధ్యత ఎంతవరకు అన్నది అక్కడ స్పష్టం. ఛాయాచిత్రం చెప్పలేని సంగతిని ఆ సంతకాల వరుస చెబుతున్నది.

1969 జూలై 20న చంద్రునిపై దిగుతుండగా మోగిన 1202 హెచ్చరిక విషయంలోనూ ఇదే జరుగుతున్నది. రాడారుకు, గణకయంత్రానికి మధ్య విద్యుత్ సంబంధంలోని లోపం వల్ల యంత్రంపై అనవసర భారం పడినది. యంత్రం తక్కువ ముఖ్యమైన పనులను వదలి, దిగడానికి కావలసిన పనులను నిలుపుకున్నది. ఈ విధానానికి మూలమైన వ్యవస్థను రూపకల్పన చేసినది హాల్ లానింగ్. చంద్రునిపై దిగే మార్గ సూత్రాలు ఆలన్ క్లంప్‌వి. ఆ భాగాన్ని ప్రోగ్రాముగా మలచినవారిలో డాన్ ఐల్స్ ముఖ్యుడు. హెచ్చరిక ప్రమాదకరం కాదని హ్యూస్టన్‌లో క్షణాలలో తేల్చినవారు జాక్ గార్మన్, స్టీవ్ బేల్స్. దోషాలను పసిగట్టి తేరుకునే పద్ధతులకు, ఆపద వేళ వ్యోమగామి ఎదుట ముఖ్య సమాచారాన్ని నిలిపే ప్రాధాన్య ప్రదర్శనలకు, వీటన్నిటినీ కలిపి పరీక్షించిన క్రమశిక్షణకు హామిల్టన్ పేరు చెప్పాలి. చంద్రయాత్రను ఆమె ఒక్కరే కాపాడారన్న మాట కంటే ఈ లెక్క ఆమెకు ఎక్కువ గౌరవం. నాసా ఆమె కృషిని పరిశీలించి 2003లో 37,200 డాలర్ల ప్రత్యేక పురస్కారం ఇచ్చినది. 2016 నవంబరులో దేశాధ్యక్షుని పతకం లభించినది. చంద్రయాత్రకూ నాసా ఇచ్చిన ఆ పురస్కారానికీ మధ్య గడచినది 34 సంవత్సరాలు.

ఆ ప్రోగ్రాములు యంత్రంలోకి ఎలా చేరాయన్నది ఇంకొక కథ. రేథియాన్ సంస్థకు వాల్తామ్ పట్టణంలో ఉన్న కర్మాగారంలో స్త్రీలు సన్నని రాగి తీగలను చిన్న అయస్కాంత వలయాల గుండా సూదితో అల్లేవారు. తీగ వలయంలోంచి పోతే ఒకటి, పక్కనుంచి పోతే సున్న. వస్త్రాల మిల్లులలో, గడియారాల కర్మాగారంలో చేయి తిరిగిన స్త్రీలు వారు. ఒక్క తీగ దారి తప్పినా నౌక దారి తప్పవచ్చు. ఇంజనీర్లు ఆ స్మృతికి 'ముసలమ్మల స్మృతి' అని చమత్కారంగా పేరు పెట్టారు. ఒక్కొక్క ప్రోగ్రామును తుది రూపానికి తెచ్చే బాధ్యుడిని 'రోప్ మదర్', అనగా తాడు తల్లి అనేవారు. ఆ తల్లులలో ఎక్కువమంది పురుషులు కావడం ఒక విచిత్రం.

తెలుగు పాఠకునికి ఇది కొత్త సంగతి కాదు. పోచంపల్లి చేనేత ఇండ్లలో మగ్గం మీద కూర్చున్నవానికే నేతగాడన్న పేరు. చీర నమూనాకు ఆధారమైన ఆసు పోసేది ఇంటి ఇల్లాలు. రోజుకు వేలసార్లు చేయి అటూ ఇటూ కదిపి భుజం నొప్పులు తెచ్చుకునేది ఆమె. తల్లి పడే ఈ బాధ చూసి ఆసు యంత్రం కనుగొన్న చింతకింది మల్లేశం దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రమన్నారు. ఆయనకు 2017లో పద్మశ్రీ లభించినది. శ్రమ చేసినవారి పేరు యంత్రంపై నిలిచిన సందర్భాలు అరుదు. ఇది వాటిలో ఒకటి.

హామిల్టన్ తరం అమెరికాలో తన స్థానం వెదుక్కుంటున్న 1964 జూన్ నెలలో, న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సమావేశం జరిగినది. భారతదేశం నుండి అందులో పాల్గొన్న ఇంజనీరు తెలుగు కుటుంబానికి చెందిన అయ్యలసోమయాజుల లలిత. 1919 ఆగస్టు 27న మద్రాసులో జన్మించి, 18వ ఏట భర్తను కోల్పోయి, చంటిబిడ్డతో మిగిలిన ఆమె, తండ్రి పప్పు సుబ్బారావు ఆచార్యులుగా ఉన్న గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుత్ ఇంజనీరింగు చదివారు. 1943లో ఆమెకు పట్టా ఇచ్చే వేళ పత్రంపై 'అతడు' అని అచ్చయి ఉండగా, దానిని కొట్టివేసి 'ఆమె' అని వ్రాయవలసి వచ్చినది. పిదప కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో విద్యుత్ ప్రసార మార్గాల రూపకల్పన చేశారు. భాక్రా నంగల్ విద్యుత్ పరికరాలలోనూ ఆమె పాత్ర ఉన్నది. ఆమె రంగం అంతరిక్షం కాదు. అయినా సాంకేతిక వృత్తిలో స్త్రీ పేరు చేర్చడానికి అచ్చుపత్రంలో ఖాళీ కూడా లేని కాలం ఎంత దగ్గరిదో ఆ కొట్టివేత సాక్ష్యం చెబుతున్నది.

మన అంతరిక్ష సంస్థలో టి.కె. అనురాధ 1982లో చేరి, 2011 జూలై 15న శ్రీహరికోట నుండి ఎగిరిన జీశాట్-12కు ప్రాజెక్టు డైరెక్టరుగా వ్యవహరించారు. ఆ ఉపగ్రహాన్ని కక్ష్యకు చేర్చిన బృందంలో ప్రమోదా హెగ్డే, అనురాధా ప్రకాశం కూడా కీలక బాధ్యతలు వహించారు. ముగ్గురి పేర్లూ నమోదైనవి. ప్రజలకు మాత్రం అంతగా తెలియలేదు. ప్రజలకు తెలిసినది 2014 సెప్టెంబరు 24 నాటి ఛాయాచిత్రం. మంగళయాన్ అంగారక కక్ష్యలో ప్రవేశించిన ఆ ఉదయం పట్టుచీరలతో, తలలో మల్లెలతో ఒకరినొకరు అభినందించుకుంటున్న స్త్రీల చిత్రం లోకమంతటా వ్యాపించినది. వీరే అంగారకుని జయించిన శాస్త్రజ్ఞులని పత్రికలు వ్రాశాయి. చిత్రంలోనివారు పరిపాలనా విభాగం ఉద్యోగినులని ఇస్రో తరువాత వివరణ ఇచ్చినది. ఆ ఉద్యోగినుల సంతోషానికి ఏ లోటూ లేదు. జీతాలు, కొనుగోళ్లు, దస్త్రాలు నడవనిదే ఏ నౌకా ఎగరదు. కానీ ఆ సమయంలో నియంత్రణ గదిలో స్త్రీ శాస్త్రజ్ఞులు వేరే ఉన్నారు. వారి ముఖాలు ఆ చిత్రంలో లేవు.

వారిలో రీతూ కరిధాల్ పని నేరుగా సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినది. అంగారకుని చేరే వేళ భూమి నుండి సంకేతం వెళ్లడానికి పన్నెండు నిమిషాలకు పైగా పడుతుంది. ఏదైనా చెడితే ఇక్కడివారికి తెలిసేసరికే సమయం మించిపోతుంది. సుమారు మూడు వందల రోజులు నిద్రించిన ప్రధాన ఇంజను మేలుకొని, ఇరవై నాలుగు నిమిషాలు మండి, సరైన క్షణాన ఆగాలి. అందులో కొంతసేపు నౌక అంగారకుని చాటున ఉంటుంది. కనుక దోషాన్ని తానే గుర్తించి, తానే సరిదిద్దుకునే బుద్ధిని నౌకకు ముందే అమర్చాలి. ఆ స్వయంప్రతిపత్తి వ్యవస్థ రూపకల్పనలో ఆమె ప్రధాన బాధ్యత వహించారు. మనిషి పొరపాటుకు యంత్రాన్ని సిద్ధం చేయాలన్న హామిల్టన్ వాదానికి ఇది మరుసటి మెట్టు: మనిషి అందుబాటులో లేని వేళకు సిద్ధం చేయడం.

పేరుతో పాటు బాధ్యత కూడా వస్తుంది. 2019 జూలై 22న బయలుదేరిన చంద్రయాన్-2కు ఎం. వనిత ప్రాజెక్టు డైరెక్టరు, కరిధాల్ మిషన్ డైరెక్టరు. సెప్టెంబరు 7 వేకువన విక్రమ్ లాండరుతో సంబంధం తెగినప్పుడు అదే పేర్లు వార్తలలో నిలిచాయి. ఆర్బిటరు మాత్రం చంద్ర కక్ష్యలో తన పని తాను చేసుకుపోయినది. ఆ యాత్ర ఇచ్చిన అనుభవంతో దిగే ప్రోగ్రాములను పటిష్ఠం చేసిన చంద్రయాన్-3, 2023 ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతాన దిగినది. వేదికపై ప్రాజెక్టు డైరెక్టరు పి. వీరముత్తువేల్ తరువాత మాట్లాడిన కాళహస్తి కల్పన, ఆ విజయాన్ని బృందానికంతటికీ చెందినదిగా పేర్కొన్నారు. తెలుగు పత్రికలు ఆమెను చిత్తూరు జిల్లా ఆడపడుచుగా సగర్వంగా పరిచయం చేశాయి. ఆమె హోదాను మాత్రం కొన్ని పత్రికలు అసోసియేట్ ప్రాజెక్టు డైరెక్టరు అనీ, మరికొన్ని డిప్యూటీ అనీ అచ్చువేశాయి.